పరిశోధన పత్రాలకు తలుపులు తెరుచుకుంటున్నాయి – రైతుకు ఎంతవరకు అందుతాయి?

ఎరువులు, పురుగుమందుల దుకాణాల్లో పంచే కరపత్రాల మీద ‘అంతర్జాతీయ జర్నల్‌లో ప్రచురితమైంది’, ‘పరిశోధనలో రుజువైంది’ అనే మాటలు ఇప్పుడు మామూలైపోయాయి. వాట్సాప్ గ్రూపుల్లోనూ ఇదే వరస. కరపత్రం ఫొటో పంపి “సార్, ఇది నిజమేనా, కొనమంటారా?” అని రైతులు మమ్మల్ని అడుగుతుంటారు. జవాబు చెప్పాలంటే ఆ పత్రం చదవాలి. చదవాలంటే ముందు అది దొరకాలి. చాలాసార్లు పని అక్కడే ఆగిపోతుంది. జర్నల్ వెబ్‌సైట్ తెరిస్తే పది వాక్యాల సారాంశం మాత్రం చూపించి, మిగతాది కావాలంటే డాలర్లలో రుసుము కట్టమంటుంది.

ఈ పద్ధతి ప్రపంచమంతటా మారుతోంది. మన దేశంలో 2025 జనవరి నుంచి ఒక పెద్ద పథకం కూడా మొదలైంది. ఇది ప్రొఫెసర్ల వ్యవహారమని రైతులు పక్కన పెట్టేయడానికి లేదు. ఏ విత్తనం వేయాలి, ఏ మందు కొట్టాలి, ఎంత ఎరువు వేయాలి అనే సిఫార్సులన్నింటికీ మూలం ఆ పత్రాల్లోనే ఉంటుంది.

పత్రానికి డబ్బు ఎవరు కడతారు?

ఒక శాస్త్రవేత్త పరిశోధనా స్థానంలో రెండు మూడు సీజన్లు ప్రయోగం చేస్తారు. జీతం, పొలం, కూలీలు, ప్రయోగశాల ఖర్చు చాలావరకు ప్రభుత్వానిదే, అంటే పన్ను కట్టే మనందరిదీ. ఫలితాలను పత్రంగా రాసి జర్నల్‌కు పంపుతారు. అదే రంగంలోని ఇద్దరు ముగ్గురు నిపుణులు దాన్ని పరిశీలించి తప్పులు చెబుతారు. దీన్నే పీర్ రివ్యూ అంటారు. ఈ పనికి వాళ్లకు మామూలుగా పారితోషికం ఉండదు. పత్రం రాసినవారికీ ఉండదు. అచ్చయ్యాక ఆ జర్నల్‌ను మళ్లీ ప్రభుత్వ విశ్వవిద్యాలయమే చందా కట్టి కొనాలి. చందా కట్టలేని కళాశాలకు, మండల వ్యవసాయ కార్యాలయానికి, రైతుకు ఆ పత్రం అందదు.

ప్రజల సొమ్ముతో జరిగిన పరిశోధన ప్రజలకు ఉచితంగా అందాలన్న ఉద్యమం 2002లో బుడాపెస్ట్ ప్రకటనతో ఒక రూపు దిద్దుకుంది. దీన్నే ఓపెన్ యాక్సెస్ అంటున్నారు. ఇంటర్నెట్ ఉన్న ఎవరైనా డబ్బు కట్టకుండా పూర్తి పత్రం చదువుకోగలగడమే దాని సారాంశం. ప్రచురణకు మాత్రం ఖర్చు ఉంటుంది కదా. అది ఎవరు భరించాలన్న దాన్నిబట్టి ఇప్పుడు ప్రధానంగా నాలుగు పద్ధతులు నడుస్తున్నాయి.

* రచయిత కట్టే పద్ధతి (గోల్డ్): పత్రం అచ్చు వేయడానికి శాస్త్రవేత్త లేదా ఆయన సంస్థ రుసుము కడుతుంది. పాఠకుడికి ఉచితం. కొన్ని జర్నళ్లలో ఈ రుసుము చాలా ఎక్కువ. ప్రసిద్ధ ‘నేచర్’ జర్నల్ 2021లో దీన్ని ఒక్కో పత్రానికి 9,500 యూరోలుగా పెట్టింది. మన జిల్లా పరిశోధనా స్థానంలోని శాస్త్రవేత్తకు ఇది అందే ధర కాదు.
* భాండాగారం పద్ధతి (గ్రీన్): పత్రం చందా జర్నల్‌లోనే వస్తుంది. కానీ రచయిత తన తుది ప్రతిని సంస్థ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంచుతారు. కొన్నిసార్లు 6 లేదా 12 నెలలు ఆగి ఉంచాలి.
* ఇద్దరికీ ఉచితం (డైమండ్): ప్రచురణ ఖర్చును శాస్త్ర సంఘమో, విశ్వవిద్యాలయమో, ప్రభుత్వమో భరిస్తుంది. రచయిత కట్టనక్కరలేదు, పాఠకుడూ కట్టనక్కరలేదు. బ్రెజిల్‌లో 1990ల చివర మొదలైన సైలో వేదిక లాటిన్ అమెరికా దేశాల్లో ఈ దారి చూపింది.
* ముందస్తు ప్రతి (ప్రీప్రింట్): నిపుణుల పరిశీలనకు ముందే పత్రాన్ని అందరికీ చూపించడం. భౌతికశాస్త్రంలో ఇది 1991 నుంచి ఉంది. వ్యవసాయానికి అగ్రిఆర్కైవ్ అనే వేదిక ఉంది. సమాచారం త్వరగా వస్తుంది. అయితే ఎవరూ సరిచూడని సమాచారమని గుర్తుంచుకోవాలి.

యూరప్‌లోని పలు పరిశోధన నిధి సంస్థలు 2018లో ‘ప్లాన్ ఎస్’ ప్రకటించి, తమ డబ్బుతో జరిగిన పరిశోధనను వెంటనే ఉచితంగా ఉంచాలని షరతు పెట్టాయి. 2021 నుంచి అమలు చేస్తున్నాయి. అమెరికా ప్రభుత్వం కూడా 2022 ఆగస్టులో తన నిధులతో వచ్చే పత్రాలకు ఇలాంటి ఆదేశమే ఇచ్చి, 2025 చివరికల్లా అమల్లోకి తేవాలని తన శాఖలకు చెప్పింది.

మన దేశం ఎంచుకున్న దారి

భారత ప్రభుత్వం ప్రధానంగా వేరే దారి పట్టింది. ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకానికి కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న ఆమోదం తెలిపింది. 2025, 2026, 2027 మూడేళ్లకు సుమారు 6,000 కోట్ల రూపాయలు కేటాయించారు. 30 పెద్ద ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 జర్నళ్లకు కేంద్రమే ఒకే చందా కడుతుంది. 6,300కు పైగా ప్రభుత్వ ఉన్నత విద్యా సంస్థలు, కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థల్లోని సుమారు 1.8 కోట్ల మంది విద్యార్థులు, అధ్యాపకులు, శాస్త్రవేత్తలు వాటిని చదువుకోవచ్చు. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం దీన్ని నడుపుతోంది.

దీనివల్ల మేలు లేదనలేం. ఇంతకుముందు ఢిల్లీ, హైదరాబాద్ పెద్ద సంస్థల్లో దొరికే జర్నల్ చిన్న పట్టణంలోని ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో దొరికేది కాదు. ఇప్పుడు దొరుకుతుంది. వ్యవసాయ విశ్వవిద్యాలయాలకు 2007–08 నుంచే ‘సెరా’ అనే ఉమ్మడి చందా ఏర్పాటు ఉంది. కొత్త పథకంలో జర్నళ్ల పరిధి అంతకంటే ఎంతో విస్తృతమైనది.

అయితే రైతు వైపు నుంచి చూస్తే మూడు విషయాలు గమనించాలి. మొదటిది, ఇది చందా కట్టడమే, తలుపు తీయడం కాదు. లాగిన్ ఉన్నవారే లోపలికి వెళ్లగలరు. రెండోది, ఆ లాగిన్ విద్యా, పరిశోధన సంస్థలకే. రాష్ట్ర వ్యవసాయ శాఖ మండల కార్యాలయం, రైతు ఉత్పత్తిదారుల సంఘం ఆ కోవలోకి రావు. రైతుకు రోజూ సలహా చెప్పే మనిషి బయటే ఉండిపోతున్నారు. తర్వాతి దశల్లో ప్రభుత్వ గ్రంథాలయాల ద్వారా పౌరులందరికీ అందుబాటులోకి తెచ్చే ఆలోచన ఉందని కేంద్రం చెప్పింది. అది ఎప్పుడు జరుగుతుందో కనిపెట్టుకుని ఉండాలి. మూడోది, కేటాయింపు 2027 వరకే. చందా ఆగితే చదివే వీలూ ఆగుతుంది. ఉచితంగా తెరిచిన పత్రానికి ఆ గడువు ఉండదు.

నిజానికి మన వ్యవసాయ పరిశోధన రంగం ఇంతకంటే ముందే మంచి అడుగు వేసింది. భారత వ్యవసాయ పరిశోధన మండలి 2013 సెప్టెంబరులోనే ఓపెన్ యాక్సెస్ విధానం ప్రకటించింది. తన సంస్థల పత్రాలు, సిద్ధాంత గ్రంథాలు భాండాగారంలో ఉంచాలని, ప్రచురణకర్త షరతు పెట్టినా 12 నెలలకు మించి ఆపరాదని అందులో ఉంది. మండలి సొంత జర్నళ్లు ఎవరైనా ఉచితంగా చదవవచ్చు. చందాల మీద పెట్టే శ్రద్ధలో కొంత ఈ విధానం పూర్తి అమలు మీద పెట్టినా రైతుకు నేరుగా లాభం.

కత్తెర పురుగు: తెరిచి ఉన్న సమాచారం చేసిన మేలు

మొక్కజొన్న రైతులకు కత్తెర పురుగును పరిచయం చేయనక్కరలేదు. అమెరికా ఖండాలకు చెందిన ఈ పురుగు 2016లో పశ్చిమ, మధ్య ఆఫ్రికాలో బయటపడింది. ఆ తొలి నివేదిక అదే ఏడాది అక్టోబరులో ప్లాస్ వన్ అనే ఉచిత జర్నల్‌లో వచ్చింది. ఏ దేశపు శాస్త్రవేత్త అయినా అదే రోజు చదువుకోగలిగారు. 2018 జనవరిలో సిమిట్, అమెరికా సహాయ సంస్థ కలిసి ఆఫ్రికా కోసం సమగ్ర యాజమాన్య కరదీపిక తయారుచేసి ఉచితంగా పెట్టాయి. గుర్తుపట్టే ఫొటోలు, గుడ్ల సముదాయాలు ఏరివేయడం, సుడిలో మందు పడేలా పిచికారీ, మిత్ర పురుగులు అన్నీ అందులో ఉన్నాయి.

2018 మేలో కర్ణాటకలోని శివమొగ్గ ప్రాంతంలో ఈ పురుగు కనిపించింది. బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ జులై 30న హెచ్చరిక విడుదల చేసింది. ఆ ఏడాదే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ పొలాలకు చేరింది. నష్టం జరగలేదని కాదు. కానీ ‘ఇదేం పురుగు, ఏం చేయాలి’ అని సున్నా నుంచి మొదలుపెట్టే పని తప్పింది. తల మీద తిరగేసిన ఆంగ్ల ‘వై’ అక్షరం, తోక దగ్గర నాలుగు నల్ల చుక్కలు అనే గుర్తులు ఊరూరా చేరాయంటే, ఆ ఫొటోలు ఎవరి తాళం కిందా లేకపోవడం కూడా ఒక కారణం.

మిర్చిలో నల్ల తామర పురుగు: తెరిచి ఉన్నా చేరని సమాచారం

రెండో ఉదాహరణ చేదుగా ఉంటుంది. 2021లో గుంటూరు, ఖమ్మం, వరంగల్ ప్రాంతాల మిర్చి తోటలను నల్ల తామర పురుగు ముంచేసింది. పూలలో చేరి రసం పీల్చడంతో పూత రాలిపోయింది. మందు మీద మందు కొట్టినా లొంగక, కొందరు రైతులు తోటలు పీకేశారు. పెట్టుబడి భారీగా ఉండే పంట కావడంతో కౌలు రైతులు మరీ నలిగిపోయారు.

త్రిప్స్ పార్విస్పైనస్ అనే ఈ పురుగు మన దేశంలో ఉందన్న సంగతి 2015లోనే అచ్చయింది. బెంగళూరు ప్రాంతంలో బొప్పాయి మీద దాన్ని గుర్తించి, డీఎన్ఏ పరీక్షతో నిర్ధారించిన పత్రం జర్నల్ ఆఫ్ ఇన్‌సెక్ట్ సైన్స్‌లో వచ్చింది. అది ఉచిత జర్నల్. ఇండోనేషియాలో మిర్చికి ఇది పెద్ద బెడద అన్న సంగతి కూడా శాస్త్రలోకానికి తెలిసినదే. బొప్పాయి మీది పురుగు మిర్చికి మారవచ్చన్న అనుమానానికి కావలసిన ఆధారాలు ఆరేళ్లపాటు అందరి ముందూ ఉన్నాయి.

మరి మిర్చి రైతుకు ఎందుకు చేరలేదు? పత్రం ఇంగ్లిష్‌లో, కీటక వర్గీకరణ పరిభాషలో ఉంది. దాన్ని చదివి, ‘మన మిర్చికి దీనివల్ల ముప్పు ఉండొచ్చు, పూలలో నల్లటి సన్న పురుగు కనిపిస్తే చెప్పండి’ అని తెలుగులో ఒక పేజీ రాసే బాధ్యత ఎవరి మీదా లేదు. ఆ పేజీ ఉంటే పురుగు రాకుండా ఆగేదని చెప్పలేం. మామూలు తామర పురుగే అనుకుని పాత మందులే మళ్లీ మళ్లీ కొట్టిన ఖర్చు మాత్రం కొంతైనా తగ్గేది.

ఉచితంగా ఉండటం, చేరడం ఒకటి కాదు. కాలువలో నీళ్లు వదిలినంత మాత్రాన చివరి ఆయకట్టు తడవదని రైతులకు వేరే చెప్పాలా? పిల్ల కాలువలు తవ్వాలి. ఇక్కడ పిల్ల కాలువ అంటే తెలుగు, విస్తరణ సిబ్బంది.

నకిలీ జర్నళ్లతో జాగ్రత్త

రచయిత డబ్బు కట్టే పద్ధతికి ఒక చెడు పక్క ఉంది. రుసుము తీసుకుని, పరిశీలన ఏమీ చేయకుండా దేన్నైనా అచ్చు వేసే జర్నళ్లు పుట్టుకొచ్చాయి. పేర్లు గంభీరంగా ఉంటాయి. ‘ఇంటర్నేషనల్’ అన్న మాట తప్పనిసరిగా ఉంటుంది. పెద్ద సంస్థలూ ఈ తెగులుకు అతీతం కాదు. వైలీ సంస్థకు చెందిన హిందావి జర్నళ్లలో 2023 ఒక్క ఏడాదిలోనే 8,000కు పైగా పత్రాలను వెనక్కి తీసుకోవలసి వచ్చింది. మన విశ్వవిద్యాలయ నిధుల సంఘం మంచి జర్నళ్లను గుర్తించడానికి నడిపిన ‘కేర్’ జాబితాను 2025 ఫిబ్రవరిలో నిలిపివేసి, ఆ బాధ్యతను విద్యా సంస్థలకే వదిలింది. అంటే జల్లెడ పట్టే పని ఇప్పుడు మన మీద ఇంకా ఎక్కువ పడింది.

ఒక సీసా బయోస్టిమ్యులెంట్ కొనేముందు ఇది గుర్తుంచుకోండి. పత్రం అచ్చయిందంటే మందుకు అనుమతి ఉందని అర్థం కాదు. 2021 ఫిబ్రవరి సవరణతో బయోస్టిమ్యులెంట్లు కూడా ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలోకి వచ్చాయి. సీసా మీద ఆ వివరాలు ఉన్నాయో లేదో ముందు చూడండి. బిల్లు తప్పక తీసుకోండి.

పత్రం చేతికి వస్తే చూడవలసినవి

1. ఎవరు, ఎక్కడ ప్రచురించారు? పత్రానికి డీఓఐ అనే శాశ్వత సంఖ్య ఉందా? అది కొడితే అదే పత్రం తెరుచుకుంటుందా? పేరు పక్కన ‘రిట్రాక్టెడ్’ అని ఉంటే దాన్ని వదిలేయండి.
2. ప్రయోగం ఎక్కడ జరిగింది? ప్రయోగశాల పళ్లెంలో చచ్చిన పురుగు పొలంలో చావకపోవచ్చు. కుండీలో వచ్చిన ఫలితం ఎకరంలో రాకపోవచ్చు.
3. పోలిక మడి ఉందా? ఏమీ వేయని మడి, ఇప్పటి సిఫార్సు వేసిన మడి రెండూ ఉండాలి. లేకపోతే దిగుబడి వర్షంవల్ల పెరిగిందో మందువల్ల పెరిగిందో తెలియదు.
4. ఎన్ని సీజన్లు? ఒకే సీజన్ ఫలితాన్ని నమ్మి పొలమంతా మార్చవద్దు.
5. నేల, నీరు, రకం మనవేనా? నల్లరేగడిలో నీటి వసతితో వచ్చిన ఫలితం ఎర్ర చల్కలో వర్షాధారంగా వస్తుందని అనుకోకూడదు.
6. ఖర్చు–ఆదాయ నిష్పత్తి ఇచ్చారా? దిగుబడి పెరిగినా మిగులు తగ్గవచ్చు.
7. డబ్బు ఎవరిచ్చారు? మందు కంపెనీయే ఖర్చు భరించి ఉంటే పత్రం చివర ఆ మాట రాయాలి. అలా రాసినంత మాత్రాన ఫలితం తప్పని కాదు, కానీ వేరేచోట కూడా అదే ఫలితం వచ్చిందా అని చూడాలి.

పట్టికల కింద ‘సి.డి.’ అని ఒక సంఖ్య ఉంటుంది. దీన్ని చదవడం నేర్చుకుంటే సగం మోసాలు తప్పుతాయి. ఉదాహరణకు కొత్త ద్రావణం కొట్టిన మడిలో హెక్టారుకు 62 క్వింటాళ్లు, మామూలు సిఫార్సు మడిలో 59 క్వింటాళ్లు వచ్చాయనుకుందాం. సి.డి. 5 అని ఉంటే, రెండింటి మధ్య తేడా 3 మాత్రమే కాబట్టి అది అనుకోకుండా వచ్చిన తేడా కావచ్చు. శాస్త్రవేత్తల లెక్కలో రెండూ సమానమే. కరపత్రం మాత్రం ‘3 క్వింటాళ్ల అదనపు దిగుబడి’ అని చెబుతుంది. పైగా అది హెక్టారు లెక్క. 2.47తో భాగిస్తే ఎకరానికి ఒక క్వింటాకు కాస్త పైన మాత్రమే.

ఉచితంగా ఎక్కడ దొరుకుతాయి?

* భారత వ్యవసాయ పరిశోధన మండలి జర్నళ్ల వెబ్‌సైట్‌లో పంటలు, పశువుల మీద వచ్చే పత్రాలు ఉచితం.
* కృషికోశ్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయాల ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు ఉంటాయి. మన జిల్లాల్లో, మన రకాల మీద జరిగిన ప్రయోగాలు వీటిలోనే ఎక్కువ దొరుకుతాయి.
* పటాన్‌చెరులోని ఇక్రిశాట్ భాండాగారంలో జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగల మీద పత్రాలు దొరుకుతాయి.
* గూగుల్ స్కాలర్‌లో వెతికితే, ఉచిత ప్రతి ఉన్న పత్రాలకు పక్కనే పీడీఎఫ్ లింకు కనిపిస్తుంది.
* ఎక్కడా దొరకకపోతే పత్రం మొదటి పేజీలోని రచయిత ఈమెయిల్‌కు రెండు వాక్యాలు రాయండి. చాలామంది శాస్త్రవేత్తలు సంతోషంగా ప్రతి పంపుతారు.

ఇంగ్లిష్ రాదని వెనుకాడవద్దు. ఇంట్లో డిగ్రీ చదివే పిల్లల సాయం తీసుకోండి. ఫోన్‌లోని అనువాద యాప్‌లు విషయం స్థూలంగా తెలుసుకోవడానికి పనికొస్తాయి. మోతాదులు, మందుల పేర్లు మాత్రం వాటిని నమ్మి నిర్ణయించవద్దు. ‘మి.లీ.’కి, ‘గ్రాము’కు, ‘లీటరు నీటికి’, ‘ఎకరాకు’ అన్న మాటలకు తేడా వస్తే పంట పోతుంది. మోతాదు కోసం విశ్వవిద్యాలయాల వ్యవసాయ పంచాంగం, మందు సీసా మీది లేబుల్ చూడండి, లేదా అధికారిని అడగండి.

పత్రాన్ని తెలుగులోకి మార్చి గ్రూపుల్లో పెట్టాలనుకునే యువ రైతులు లైసెన్సు చూసుకోవాలి. ‘సీసీ బై’ అని ఉంటే మూల రచయితల పేరు చెప్పి అనువదించవచ్చు, పంచవచ్చు. చివర ‘ఎన్‌డీ’ అని ఉంటే అనువదించి పంచడానికి అనుమతి తీసుకోవాలి. చదవడానికి ఉచితమైన ప్రతిదీ మార్చి పంచడానికి ఉచితం కాదు.

మనం అడగవలసినవి

రైతు సంఘాలు, ఉత్పత్తిదారుల సంఘాలు తమ సమావేశాల్లో, కృషి విజ్ఞాన కేంద్రాల సలహా సంఘాల్లో ఈ నాలుగు అంశాలు లేవనెత్తవచ్చు.

* రాష్ట్ర వ్యవసాయ, ఉద్యాన శాఖల క్షేత్ర సిబ్బందికి కూడా ఒకే చందా పథకంలో చదివే వీలు కల్పించాలి. గ్రంథాలయాల దశ మొదలైతే మండల గ్రంథాలయాన్నీ అందులో చేర్చాలి.
* మన రాష్ట్రాల పంటల మీద ప్రభుత్వ డబ్బుతో వచ్చే ప్రతి పత్రానికి ఒక పేజీ తెలుగు సారాంశం తప్పనిసరి చేయాలి. రాసిన శాస్త్రవేత్తకు ఆ పని పదోన్నతి లెక్కలో కలవాలి. లేకపోతే ఎవరికీ తీరిక దొరకదు.
* దేశంలోకి కొత్త పురుగో తెగులో వచ్చిందని పత్రం వెలువడితే, అది ఏ పంట మీద కనిపించినా, ముప్పు ఉన్న మిగతా పంటల రైతులకు ఆ సీజన్‌లోనే హెచ్చరిక చేరాలి.
* పనిచేయలేదని తేలిన ప్రయోగాల ఫలితాలు కూడా బయట పెట్టాలి. ఏ మందు పనిచేయదో తెలిస్తే రైతుకు అదీ ఆదాయమే.

వచ్చే సీజన్‌కు కొత్త ఉత్పత్తి ఏదైనా వాడాలనుకునేవారు ముందుగా పత్రం అడగండి. పత్రం చూపించలేని డీలర్ మాట మీద ఎకరాలకు ఎకరాలు మార్చవద్దు. చూపిస్తే పైన చెప్పిన ఏడు ప్రశ్నలు వేయండి. సమాధానాలు బాగుంటే కూడా మొదటి ఏడాది నాలుగైదు గుంటల్లో వేసి, పక్కనే వేయని మడితో పోల్చుకుని, కోతప్పుడు విడిగా తూకం వేయండి. అది మీ నేలలో, మీ నీటితో వచ్చిన ఫలితం. దాన్ని నలుగురికీ చెప్పండి. సందేహాలుంటే మీ మండల వ్యవసాయ అధికారిని, దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తలను సంప్రదించండి, లేదా కిసాన్ కాల్ సెంటర్ ఉచిత నంబరు 1800-180-1551కు ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.